బొడ్డు కింద పున్నమి

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగిన 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకపోయినా పిస్టల్ నడుముకు పెట్టుకుని తిరగొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు మామూలుగా ఆ యోగం లేదు. అందుకని మన అల్లుడుగారు గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగారు. వచ్చాక ఇక ఎవరు ఆపినా ఆగలేదు.

ముందు పిస్టల్, తర్వాత హోల్‌స్టర్, అంటే ప్యాంటు లోపల నడుముకు తగిలించే పిస్టల్ ఒర, చివర్న పిస్టల్‌కి బిగించే లైటు. పెళ్లయ్యాక జాతకాలు చూపించినట్టు సరిగ్గా తలకిందుల వరస. పిస్టల్ గ్లాక్ 43ఎక్స్. లైటేమో 1000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) ష్యూర్‌ఫైర్ ఎక్స్300. డబ్బా విప్పాక తెలిసింది, మామూలు 43ఎక్స్‌కి గొట్టం కింద లైటు బిగించే పట్టా, అదే రెయిలు, ఉండనే ఉండదని. పిస్టల్ మార్చి రెయిలున్న ఎంఓఎస్ రకం తెచ్చారు. అది సన్నటి పొట్టి రెయిలు, ఎక్స్300 దానిమీద కూర్చోదు. కూర్చున్నా మూతి దాటి ముందుకు పొడుచుకొచ్చి, వంగినప్పుడల్లా తొడలో గుచ్చుకునేది.

మూడో ప్రయత్నం స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-7 సబ్ అనే చిన్న లైటు. 500 ల్యూమెన్లు, ఒకే సీఆర్123ఏ బ్యాటరీ, గంటన్నర వెలుగు. చిన్న పిస్టల్‌కి మంచి ఎంపికే. కాకపోతే అందులో గ్లాక్‌కి వేరు, సిగ్ పీ365 అనే మరో కంపెనీ పిస్టల్‌కి వేరు. ఈయన చవగ్గా వస్తోందని సిగ్ రకం తెప్పించి, అది పట్టకపోతే తిరిగి పంపి, చివరికి సరైనది బిగించారు.

ఇక మిగిలింది హోల్‌స్టర్. అది లైటు లేని పిస్టల్‌కని అచ్చుపోసిన కైడెక్స్, అంటే గట్టి ప్లాస్టిక్. కొత్తది కొనమంటే మనసొప్పలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, సాగదీసి, దూర్చారు. ఇది హాస్యానికి కూడా చేయకూడని పని. సాగిన మూతిలోంచి ట్రిగ్గర్ దగ్గరికి చొక్కా అంచో, తాడో జొరబడొచ్చు. పోనీ లైటుకని చేసిన హోల్‌స్టర్ కొని లైటు తీసేసి వాడదామన్నా కుదరదు. అలాంటివి చాలావరకు పట్టుకునేది లైటునే. అది లేకపోతే పిస్టల్ వదులై జారిపోతుంది.

ఆ శనివారం సాయంత్రం మనవడి పుట్టినరోజు. బిగుతు కైడెక్స్ లైటు వెనకనున్న మీటను ఒక్కసారి నొక్కి వదిలింది. నొక్కి పట్టుకుంటే వేలు తీయగానే ఆరుతుంది, నొక్కి వదిలేస్తే మళ్లీ నొక్కేదాకా వెలుగుతూనే ఉంటుంది. కేకు ముందు కొవ్వొత్తులు వెలిగించి గదిలో దీపాలార్పారు. అల్లుడుగారి ప్యాంటు కుడికాలు లోపల పున్నమి కాసింది.

"అల్లుడుగారూ, మీ ఫోను మోగుతోందేమో చూసుకోండి," అన్నారు మావగారు మర్యాదగా.

చూసుకోవడం ఎలా? ఆర్పాలంటే పిస్టల్ బయటికి తీయాలి. గది నిండా పిల్లలు. తీయకపోతే లైటు కాలుతుంది, ఆ వేడి ఎక్కడ తగులుతోందో చెప్పుకునే చోటు కాదు. తలుపేసుకుని, పిస్టల్‌ని హోల్‌స్టర్‌లోంచి లాగకుండా, క్లిప్పు విప్పి హోల్‌స్టర్‌తో సహా తీయడం ఒక్కటే దారి. ఆ మాత్రం తెలివి ఆయనకు ఆ క్షణంలో వచ్చింది, అదృష్టం.

మర్నాడు బ్యాటరీ చచ్చింది. ఈ లైటుకి బ్యాటరీ ముందు మూత విప్పి మార్చాలి, అంటే వేళ్లు గొట్టం మూతి పక్కన పెట్టాలి. మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి, ఛాంబర్‌లో గుండు లేదని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు మూత ముట్టుకోవాలి. పనిలో పనిగా కాల్చినప్పుడు లైటు అద్దం మీద పట్టిన మసిని పెన్సిల్ రబ్బరుతో తుడిచారు. కాల్చే ముందు ఆ అద్దానికి కాస్త లిప్‌బామ్ రాసి ఉంటే మసి గుడ్డకే వచ్చేది.

ఇంతలో అత్తగారి చెవిదుద్దు సోఫా కిందకి దొర్లింది. "ఏదీ, ఆ లైటు ఇలా తెండి," అన్నారు మావగారు. పిస్టల్ లైటు దేనిమీదికి తిరిగితే పిస్టల్ కూడా దానిమీదికే తిరుగుతుందనీ, అందుకే వెతకడానికి జేబులో వేరే టార్చి ఉండాలనీ అల్లుడుగారు విడమరిచి చెప్పి, ఓ వేలెడంత టార్చి అందించారు. దుద్దు దొరికింది.

మావగారు టార్చిని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదెంత?"

"పాతిక డాలర్లు."

"మరి మొదట దీంతో ఆగిపోవచ్చుగా?"