జనం వస్తారని ముందే తెలుసు

ధనుర్మాసం చివరికొస్తోంది. ముంగిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు నిండుగా కనిపిస్తున్నాయి. కోనసీమ ఊళ్లలో వెదురు చీల్చి, దేవుణ్ని ఊరేగించే ఎత్తైన ప్రభలు కడుతున్నారు. తమిళనాడులో పొంగల్, కర్ణాటకలో సుగ్గి, శబరిమలలో మకరజ్యోతి, మన దగ్గర భోగి, సంక్రాంతి, కనుమ. నాలుగైదు రోజుల్లో దక్షిణాది సగం రోడ్డు మీదే ఉంటుంది. ఈ నెల 28 నుంచి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. పండగ శుభాకాంక్షలు చెప్పడం పత్రికల ఆనవాయితీ, మేమూ చెబుతాం. అంతకన్నా ముందు ప్రభుత్వాలను ఒక మాట అడగాలి. గుడికీ జాతరకీ వెళ్లినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరే పూచీ ఎవరిది?

నిరుడు, అంటే 2025లో, ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడుసార్లు ఈ ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో 6 మంది తొక్కిసలాటలో చనిపోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలైన్ పక్కన గోడ కూలి 7 మంది. నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడి తొక్కిసలాటలో 9 మంది. పది నెలల్లో 22 ప్రాణాలు. వీళ్లంతా దేవుడికి దండం పెట్టుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్దామని బయల్దేరినవాళ్లే.

ప్రతిసారీ అధికారుల నుంచి వినిపించేది ఒకటే మాట: అనుకున్న దానికన్నా ఎక్కువమంది వచ్చారు. ఈ జవాబును ఇక ఒప్పుకోకూడదు. ఏ ఏకాదశి ఏ వారం వస్తుందో ఉగాది పంచాంగంలోనే ఉంటుంది. కార్తీక మాసం, ఏకాదశి, పైగా శనివారం కలిసొస్తే వేంకటేశ్వరస్వామి గుడికి జనం పోటెత్తుతారని ఊళ్లో పూలమ్ముకునే ఆవిడకు కూడా తెలుసు. ఆమె ఆ లెక్కన ముందు రోజే రెండు బుట్టలు ఎక్కువ తెప్పించుకుంటుంది. తెలియనట్టు ప్రవర్తించింది బందోబస్తు వేయాల్సినవాళ్లు, అనుమతులు చూడాల్సినవాళ్లు.

పొరుగు రాష్ట్రాల అనుభవమూ ఇదే. శబరిమలలో 1999 జనవరి 14న, మళ్లీ 2011 జనవరి 14న, అంటే రెండుసార్లూ మకరజ్యోతి రోజే ఘోరాలు జరిగాయి. 2011లో పుల్లుమేడు దగ్గర వందమందికి పైగా పోయారు. కొల్లం జిల్లా పుట్టింగల్ గుడిలో 2016 ఏప్రిల్‌లో బాణసంచా పేలి ఇంకో వందమందికి పైగా బలయ్యారు. అక్కడ జిల్లా యంత్రాంగం అనుమతి లేదన్నాకే ఆ బాణసంచా కాల్చారు. తంజావూరు దగ్గర కలిమేడులో 2022 ఏప్రిల్‌లో రథం పైభాగం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయారు. నిరుడు ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి 5గురు ప్రాణాలు వదిలారు. తీగ ఎంత ఎత్తులో ఉందో, రథం ఎంత ఎత్తుందో ముందు రోజు టేపుతో కొలిస్తే తెలిసిపోయే సంగతి అది.

ఇన్ని చావులు చూసి పండగలే వద్దనేవాళ్లూ ఉన్నారు. మేం ఆ మాట అనం. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు వెళ్లి చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. 11 ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్లవాళ్లు తమ ప్రభలను మోసుకుంటూ కౌశిక కాలువలో పీకల్లోతు నీళ్లలో దిగుతారు. భుజం మార్చుకునేది ఎప్పుడో, ఒరిగిపోకుండా తాడు పట్టేది ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. ‘అశ్శరభ శరభ’ అని ఒక గొంతు లేస్తే వంద భుజాలు ఒక్కసారే కదులుతాయి. దారిలో పచ్చని చేను ఉంటే దాని మీదుగానే నడుస్తారు. చేను తొక్కారని రైతు తగువుకు రాడు, స్వామి తన పొలంలో అడుగు పెట్టాడని సంబరపడతాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఈ ప్రభల తీర్థమే.

అక్కడ క్రమం పోలీసులు పెట్టింది కాదు. ఊళ్లవాళ్లకు ఒకరికొకరు తెలుసు, తాతల నుంచి ఎవరి పని ఏదో తెలుసు. కాశీబుగ్గకో తిరుపతికో వచ్చే జనం అలా కాదు. పక్కన నిలబడ్డది ఎవరో తెలియదు, గేటు ఎటు తెరుస్తారో తెలియదు, వెనక ఎంతమంది ఉన్నారో అసలే తెలియదు. టీవీలో, ఫోన్లో చూసి బయల్దేరిన వేలమందికి ఊరి కట్టుబాటు లేదు. దాని బదులు ఏర్పాట్లు చేయాల్సింది గుడి యాజమాన్యం, ప్రభుత్వం.

చేస్తే అవుతుంది కూడా. తిరువనంతపురం ఆట్టుకాల్ పొంగాలలో లక్షల మంది ఆడవాళ్లు కుండల్లో పొంగలి వండుతారు. 2009లో 25 లక్షల మందితో అది గిన్నిస్ రికార్డుకెక్కింది. గుడి దగ్గర వెలిగించిన నిప్పు ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి, వీధి నుంచి వీధికి పాకుతూ కిలోమీటర్ల దూరం వెళుతుంది. ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు కూర్చుంటారు, గర్భగుడి వైపు తోసుకెళ్లే అవసరమే ఉండదు. శబరిమలలో 2011 నుంచి వర్చువల్ క్యూ నడుస్తోంది. టీటీడీ కూడా ఈసారి వైకుంఠ ద్వార దర్శనాల్లో మొదటి మూడు రోజుల టోకెన్లు ఆన్‌లైన్ డిప్‌లో, అంటే లాటరీ పద్ధతిలో, ఇచ్చింది. అదే పని నిరుడే చేసి ఉంటే అన్న బాధ మిగిలిపోయింది.

పెద్ద గుళ్ల సంగతి ఎలాగో ఒకలా దారికొస్తుంది. మాకు ఎక్కువ టెన్షన్ చిన్న గుళ్ల గురించి. కాశీబుగ్గ గుడి దేవాదాయ శాఖ కింద లేదు, ప్రైవేటు గుడి. అలాంటివి ప్రతి మండలంలో ఉన్నాయి, ఒక్క వీడియో పాపులర్ అయితే చాలు, వారంలో పదిరెట్ల జనం. యాజమాన్యం ఎవరిదైనా, పర్వదినాన వేలమంది వచ్చే ప్రతి చోటా తహసీల్దారు, పోలీసు, ఫైర్, కరెంటు శాఖలు కలిసి ముందుగా తనిఖీ చేసి సంతకం పెట్టాలి. లోపలికి ఒక దారి, బయటికి వేరే దారి లేని గుడికి ఆ రోజు అనుమతి ఇవ్వకూడదు. ఉత్సవం ముందు హడావుడిగా గోడలు, రెయిలింగులు కట్టడం మానాలి. సింహాచలంలో కూలింది అలా కట్టిన గోడే. భక్తుల మనోభావాల పేరు చెప్పి నాయకులు అడ్డుపడొద్దు. వీఐపీ దర్శనాల కోసం సామాన్యుల క్యూ ఆపడం కూడా ఆ రోజుల్లో పూర్తిగా మానుకోవాలి.

విచారణ నివేదికలు ఏమవుతున్నాయో కూడా చెప్పాలి. ఘటన జరిగిన రోజు కమిటీ, నష్టపరిహారం ప్రకటిస్తారు. తర్వాత ఏ సిఫార్సు అమలైందో, ఏది మూలపడిందో అడిగినా తెలియదు. తిరుపతి, సింహాచలం, కాశీబుగ్గ నివేదికలు మూడూ తెలుగులో జనం ముందు పెట్టాలి.

2027 జూన్‌లో గోదావరి పుష్కరాలున్నాయి. 2015 జూలై 14న, మొదటి రోజు ఉదయమే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది తొక్కిసలాటలో చనిపోయారు. గోదావరి పొడవునా ఘాట్లున్నా జనమంతా ఒక్క చోటికే వచ్చారు. ఏ ఘాట్‌లో గంటకు ఎంతమంది దిగొచ్చు, నిండిపోతే తర్వాతి బస్సులను ఎటు మళ్లిస్తారు, ఎవరు ఇన్‌చార్జి అన్న వివరాలతో రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ బడ్జెట్ సమావేశాల్లోనే పత్రం పెట్టాలి. ఏడాది పైగా సమయం ఉంది, కాబట్టి రద్దీ ఊహించలేదనే మాటకు ఈసారి చోటు లేదు.