కొబ్బరిచెట్లు కొట్టించారు, ఫ్యాను మాత్రం తిరగలేదు

ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నరకి కరెంటు పోయింది. నేను కంగారు పడలేదు. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉంది, పెట్టించి నలభై రోజులు కాలేదు, ఎండ మాడ్చేస్తోంది. కానీ ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, ప్యానెళ్ళ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలిగింది. అమ్మ తాటాకు విసనకర్ర తీసుకుని "అదేంట్రా, ఇక మన కరెంటు మనదే అన్నావు కదా?" అంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఏం చెప్పను?

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "ఆన్ గ్రిడ్ అంటే అంతేనండి, లైన్లో కరెంటు ఉంటేనే అదీ పనిచేస్తుంది" అన్నారు. అసలు కారణం చెప్పింది మా లైన్‌మ్యాన్. తను స్తంభం ఎక్కి ఉన్నప్పుడు మన ప్యానెళ్ళ కరెంటు వెనక్కి తీగల్లోకి వెళ్తే ప్రాణం పోతుంది, అందుకే లైను పోగానే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుందట. సరైన పనే. ఆ కుర్రాడి ప్రాణం కంటే నా ఫ్యాను ఎక్కువ కాదు. కానీ ఈ ఒక్క ముక్క డబ్బు కట్టకముందు చెప్పడానికి నోరు రాలేదా? లైను పోయినా బ్యాటరీతో ఇంటికి కరెంటిచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటుందని చెబితే ఇంకొంచెం అప్పు చేసైనా అదే పెట్టించేవాణ్ణి. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వస్తుందని మాత్రం పదిసార్లు చెప్పారు. నీడ పడుతోందని రెండు కొబ్బరిచెట్లు కొట్టించారు. కాపు మీదున్న కొబ్బరిచెట్టు కొట్టడమంటే ఏమిటో కోనసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా నాన్న పాతిన చెట్లండీ అవి. 1996 తుఫానుకి తోటలకి తోటలే నేలకూలితే ఆ రెండూ నిలబడ్డాయి.

2025లో దేశంలో బొగ్గు, గ్యాసు, డీజిల్ కాని కరెంటు స్థాపిత సామర్థ్యం సగానికి చేరిందని ఎంత గొప్పగా చెప్పుకున్నాం! నేనూ సంతోషించాను. సామర్థ్యం వేరు, ఇంట్లోకి వచ్చే కరెంటు వేరు. ఉత్పత్తిలో ఇప్పటికీ పెద్ద వాటా బొగ్గుదే. ఇవాళ మధ్యాహ్నం నా డాబా మీద సామర్థ్యం మూడు కిలోవాట్లు, ఇంట్లో కరెంటు సున్నా. ఆ లెక్కలో నన్నూ కలిపేసుకున్నారు.

మా బావది భీమవరం వైపు రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు అప్పుడే గట్టిగా తిరగాలి. ఆ వేళకి సూర్యుడు ఎక్కడున్నాడు? అందుకే ఆయన ఇప్పటికీ జనరేటర్ పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు. నిల్వ చేసే బ్యాటరీ గురించి మాట్లాడకుండా ప్యానెళ్ళ గురించి ఎంత మాట్లాడినా ఆయనకేం ఒరుగుతుంది?

అసలు మా నేల నుంచి ఎప్పుడూ తీసుకోవడమే. 1995లో పాసర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్నింది, ఆ బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది, అమ్మ మమ్మల్ని బయటికి రానిచ్చేది కాదు. 2014 జూన్‌లో మా కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి, ఇరవై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు, టీ పెట్టుకోవడానికి పొయ్యి వెలిగించేవాళ్ళు. ఆ పైపు ఇళ్ళ మధ్య నుంచి వెళ్తోందని, దాని పరిస్థితి ఇదీ అని వాళ్ళకి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? గ్యాసు మా కింద నుంచి పోయింది. రాజమండ్రి చుట్టూ గ్యాసు కోసమే కట్టిన కరెంటు ప్లాంట్లేమో గ్యాసు లేక ఏళ్ళ తరబడి మూలపడ్డాయి. అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పరు. చెబితే అర్థం చేసుకోలేని వాళ్ళమా మేము?

సోలార్ వద్దని నేను అనను. తప్పకుండా రావాలి, తుఫాన్లు ఎలా ముదురుతున్నాయో చూస్తున్న వాళ్ళం మేమే. చెప్పి పెట్టండి, అంతే.

నాలుగున్నరకి కరెంటు వచ్చింది. పక్కింటి పిన్నిగారు రేపు అడ్వాన్సు ఇస్తున్నారట. వాళ్ళ కొబ్బరిచెట్టుకి కూడా సున్నంతో గుర్తు పెట్టి వెళ్ళారు. ఇప్పుడే వెళ్ళి చెప్పొస్తాను.