ఆడపిల్లలెందరని అడిగిన గిర్దావర్ సారు

2025 జూన్ నెలాఖరున హన్మకొండలో ఒక ఉద్యోగ విరమణ సన్మానానికి వెళ్ళాను. సెలవుకు ఊళ్ళో ఉండటం వల్ల కుదిరింది. 1987లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, పాత వరంగల్ జిల్లాలో మండలాలకు మండలాలు తిరిగి, తహసీల్దారుగా దిగిపోతున్న సారు ఆయన. 38 ఏళ్ళ సర్వీసు. అమెరికాలోని మన సంఘం పత్రికలో మీ గురించి రాస్తానని అడిగితే, "రాయి బిడ్డా, గని నా పేరొద్దు. నాతోటి తిరిగినోళ్ళు చానామంది ఉన్నరు" అన్నారు. అందుకని మా ఇంట్లో పిలుచుకునే పేరుతోనే రాస్తున్నాను. మాకు ఆయన గిర్దావర్ సారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని మా దిక్కు ఇప్పటికీ గిర్దావర్ అనే అంటారు. మా వాకిట్లోకి ఆయన వచ్చింది ఆ హోదాలోనే.

అది 2009. మాది పరకాల వైపు ఒక పల్లె. నాన్న పోయి ఆరు నెలలైంది. నాన్న తన కష్టంతో కొన్న ఏడెకరాల ఇరవై గుంటల (ఎకరానికి నలభై గుంటలు) భూమి విరాసత్ కోసం, అంటే వారసుల పేర్లకు మార్చడానికి, అన్న మండల ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. వారసులుగా అమ్మ పేరు, తన పేరు, తమ్ముడి పేరు రాశాడు. నా పేరు, చెల్లెలి పేరు లేవు. అన్నది చెడ్డ బుద్ధి అని నేను ఏనాడూ అనుకోలేదు. ఊళ్ళో అందరూ అట్లాగే రాసేవారు. కట్నం పెట్టి, లగ్గం చేసి పంపిన ఆడపిల్లకు భూమిలో ఇంకేముంటుందన్నది వాడుక. చట్టం ఆ వాడుకను ఎప్పుడో దాటింది. తాతల ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చే సవరణ ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇక తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. అయినా వారసుల కాగితంలో పేరే లేకపోతే ఆ చట్టం ఎవరి కోసం?

గిర్దావర్ సారు ఆ కాగితం పట్టుకుని మోకా మీదికి, అంటే విచారణకు మా ఇంటికే, వచ్చారు. ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టినా అడిగేవాళ్ళు లేరు. బండి వాకిట్లో ఆపి, అన్న కుర్చీ తెచ్చేలోపే అమ్మ దగ్గరికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారట. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తర్వాతి మాటలు అమ్మ నాకు ఫోన్లో ఎన్నోసార్లు చెప్పింది. తను పోయేదాకా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది.

"పిల్లలెందరమ్మా?"

"ఇద్దరు కొడుకులు సారూ."

"ఆడపిల్లలెందరు?"

"ఇద్దరున్నరు. ఒకతి అమెరికల, ఒకతి హుజూరాబాద్‌ల. లగ్గాలు చేసినం, ఎవరిండ్లకు వాళ్ళు పోయిండ్రు."

"పోయిండ్రు గని, నీ బిడ్డలు గాకుంట పోయిండ్రా?"

అమ్మ చాట పక్కన పెట్టేసింది. ఏం చెప్పాలో తోచలేదట. సారు అన్నను పిలిచి, ఒక్క గట్టి మాట అనకుండా, దరఖాస్తు మళ్ళీ రాయించారు. నా నంబరు అడిగి తీసుకున్నారు.

డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఆ వేళప్పుడు ఇండియా నుంచి ఫోనొస్తే మన ప్రాణం ఎట్లా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. "అమ్మా, నేను మీ గిర్దావర్‌ను. ఇంట్ల అందరు మంచిగున్నరు, భయపడకు" అన్నారు ముందుగా. ఆ తర్వాతే అసలు సంగతి. "మీ నాయిన భూమిల నీకు ఎకరం ఇరవై గుంటలు వస్తది. వద్దనుకుంటే వద్దను, నీ ఇష్టం. గని తెలిసి వద్దను. నోటిమాట చెల్లదు, వచ్చినప్పుడు రిజిస్టర్ కాగితం చేసుకోండ్రి." రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేశారు. ఆ రాత్రి నాకు మళ్ళీ నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నాకు నాన్న భూమిలో వాటా ఉందన్న ఆలోచనే లేదు.

మరుసటి ఏడు వచ్చి నా వాటా అన్నదమ్ములకు రాసిచ్చాను. చెల్లెలూ ఇచ్చేద్దామనే అనుకుంది. "నీ పేరు మీద ఉండనీ, తొందరేమున్నది" అని అమ్మే ఆపింది. ఆ మాట అమ్మ నోట రావడానికి ఆ రోజు అరుగు మీది ప్రశ్నే కారణమని నేను నమ్ముతాను. 2014లో చెల్లెలి భర్త హఠాత్తుగా పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. తను తిరిగి ఊరికొచ్చి ఆ ఎకరంన్నరలో నిలబడింది. పత్తి వేసింది, గట్ల పొంటి కంది వేసింది. 2018లో రైతులకు ప్రభుత్వం పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయల లెక్కన ఆమె ఖాతాలో 6,000 పడ్డాయి. మొత్తం చిన్నదే. కానీ అది పాస్‌బుక్ ఉన్నవాళ్ళకే వచ్చింది. బ్యాంకులో పంట రుణానికీ ఆ పాస్‌బుక్కే, రైతుబీమాకూ ఆ పాస్‌బుక్కే. మా వీధిలోనే ఇద్దరు ఆడవాళ్ళు అదే కష్టంలో, పుట్టింట్లో పేరు లేక, కూలికి పోతున్నారు.

ఇప్పుడు ఆ సన్మాన సభ సంగతి. హాలు నిండింది. ముప్పైకి పైగా శాలువాలు, నిలువెత్తు గజమాల, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం. ఒక్కొక్కరే వచ్చి మాట్లాడారు. నిజాయితీపరుడు అన్నారు, మృదుస్వభావి అన్నారు, అజాతశత్రువు అన్నారు. అన్నీ నిజమే, అందరూ ప్రేమతోనే అన్నారు. కానీ రెండు గంటల సేపట్లో ఆయన చేసిన పని ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు. ఏ ఊళ్ళో, ఎవరికి, ఏం చేశారన్నది ఒక్క ముక్క రాలేదు. సన్మాన పత్రంలో పేరు మారిస్తే ఇంకెవరికైనా సరిపోతుంది. నాకు అక్కడ కూర్చున్నంతసేపూ మనసు మెలిపెట్టినట్టయింది. సభ ముగిసేలోపు నేను లేచి మా అమ్మ అరుగు మాట చెప్పాను. చెప్పాక వెనక వరుసల్లోంచి ఇంకో ఇద్దరు ముగ్గురు లేచారు. వాళ్ళ దగ్గరా ఇట్లాంటివే ఉన్నాయి, అడిగినవాళ్ళే లేరు.

మన సంఘాల వేదికల మీదా ఇదే జరుగుతోంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా సన్మానం చేస్తాం. ఎక్కువ మంది అప్పటికి కుర్చీలో ఉన్నవాళ్ళే. అందులో మర్యాద ఉంది, దానితో పాటు రేపు ఊళ్ళో ఏ పనో పడుతుందన్న లెక్క కూడా ఉంది. నేనూ ఆ కమిటీల్లో పనిచేశాను, ఈ మాట బాధ్యతతోనే అంటున్నాను. సన్మానం కుర్చీ దిగాక చెయ్యాలి. అప్పుడు వాళ్ళ నుంచి మనకు రావలసిందేమీ ఉండదు, చెప్పే మాటకు విలువ ఉంటుంది.

జీతం తీసుకుని చేసిన పనికి సన్మానమెందుకని కొందరు అంటారు. నాకు ఆ కోపం అర్థమవుతుంది. ఇంకో కాగితం కోసం ఇంకో ఆఫీసు చుట్టూ మా తమ్ముడు రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగాడు. రేపు రా, ఎల్లుండి రా, సారు లేడు, సర్వర్ లేదు. ఆ రెండేళ్ళలో ఇంట్లో పడ్డ టెన్షన్ నాకు తెలుసు. అది చూశాను కాబట్టే గిర్దావర్ సారు చేసినదాని విలువ తెలిసింది. ఒక్క సంతకంతో ముగించగల పనికి బండేసుకుని ఊరికి రావడం, రాయని పేర్లు అడిగి రాయించడం, తన సొంత ఫోన్ నుంచి అమెరికాకు చేయడం, ఇవేవీ ఏ జీతంలోనూ రాసి ఉండవు.

పద్మభూషణ్‌నే వద్దన్న ఎస్.ఆర్. శంకరన్ గారు పనిచేసిన నేల ఇది. వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి ఆ ఐఏఎస్ అధికారి పడ్డ తపనను ఊళ్ళలో ఇప్పటికీ తలుచుకుంటారు. 2010లో ఆయన పోయినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళకు ఆయన బిరుదులు తెలియవు, చేసిన పని తెలుసు. గిర్దావర్ సారు ఆయనంత పెద్ద హోదాలో లేరు. దారి మాత్రం అదే.

సభ మర్నాడు నేనూ చెల్లెలూ సారు ఇంటికి వెళ్ళాం. చాయ్ తాగుతూ మూడు గంటలు కూర్చున్నాం. ఆయన నౌకరిలో చేరేనాటికి తాలూకాలు పోయి మండలాలొచ్చి రెండేళ్ళే. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీల దగ్గర మూటలు కట్టి ఉన్న రికార్డులు అప్పుడప్పుడే ఆఫీసులకు చేరుతున్నాయి. నిజాం కాలపు సేత్వార్లు, అంటే తొలి భూమి సర్వే రిజిస్టర్లు, ఉర్దూలో ఉండేవి. చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని, ఒక ముసలి గుమాస్తా దగ్గర రోజూ సాయంత్రం కూర్చుని ఉర్దూ నేర్చుకున్నారు. ఏ భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందని రాసిన 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఒక కొట్టివేత చూసి, అది అప్పటిదా, తర్వాత ఎవరో గీసిందా అని సిరా రంగును బట్టి పోల్చుకునేవారు. మాకు ఒక జిరాక్సు తీసి చూపించారు. వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు, ఒక్కో గడి చదివి చెప్పారు: ఇది సర్వే నంబరు, ఇది పట్టాదారు, ఇది సాగులో ఉన్న మనిషి. "పట్టా ఒకరిది, కష్టం ఒకరిది. ఈ గడి చూడకుంట తీర్పు చెప్తే పాపం తగులుతది" అన్నారు.

2016లో ఆయన కళ్ళ ముందే ఒక్క వరంగల్ జిల్లా ముక్కలైంది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) పోస్టులు రద్దయ్యాయి, భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. 2021లో విరమణ వయసు 58 నుంచి 61కి పెరగడంతో ఆయన మరో మూడేళ్ళున్నారు. ఆ మూడేళ్ళలోనే 2023 జూలై 27 వరద. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి జనం మిద్దెలెక్కారు. సారు పని చేసే మండలంలో చెరువులన్నీ నిండి మత్తడి దూకుతున్నాయి. ఆ రాత్రి చెరువు కింది ఇళ్ళ వాళ్ళ నంబర్లు తన డైరీలో ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కరినీ లేపగలిగానని చెప్పారు. ఆ డైరీ ఇప్పుడు ఆయన ఇంటి బీరువాలో ఉంది.

నా బాధ అక్కడే. నెలాఖరున పెన్షన్ కాగితాలు, సర్వీస్ రిజిస్టర్ అన్నీ లెక్క చూసి పంపిస్తారు. ఆయన తలలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ అడిగి రాసుకోలేదు. మన సంఘంలో ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్ళం వందల మందిమి ఉన్నాం. సెలవుకు వెళ్ళినప్పుడు తలా ఒక గంట కేటాయిద్దాం. మన ఊళ్ళో కొత్తగా రిటైరైన ఏఎన్ఎం, లైన్‌మన్, పోస్ట్‌మాస్టర్, గిర్దావర్ ఎవరైనా సరే, దగ్గర కూర్చుని ఫోన్లో మాట రికార్డు చేసుకుని వద్దాం. ఈ పత్రికలో ప్రతి సంచికకు రెండు పేజీలు దానికి ఇవ్వమని సంపాదకులను కోరుతున్నాను. వచ్చే మహాసభలో సన్మాన పత్రం రాసే పని నాకప్పగిస్తే, విశేషణాలు తీసేసి, పని జరిగిన ఊరు, జరిగిన పని రాస్తాను. వేదిక మీద చదవడానికి ఆ పనివల్ల బాగుపడ్డ మనిషినే ఫోన్లోకి పిలుస్తాను.

సారు ఇంటి నుంచి లేచేటప్పుడు చెల్లెలు సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. తన చెల్కలో పండిన కందులు ఇసుర్రాయిలో పట్టిన పప్పు, రెండు కిలోలు ఉంటుంది. ఇంతకుముందు మూడుసార్లు తీసుకుపోతే మూడుసార్లూ తిప్పి పంపారట. సారు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టారు.

"నిన్నటితోటి నౌకరి అయిపోయింది గద సారూ. ఇగనన్న తీస్కోండ్రి."

ఆయన ఒక్క క్షణం ఆగి రెండు చేతులతో మూట అందుకున్నారు. కళ్ళు తుడుచుకుని, ముడి విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"కొత్త పాస్‌బుక్‌ల గుంటలు సరిగ్గ ఎక్కినయా బిడ్డా? ఒకసారి నాకు చూపియ్యి."