సంతకం లేని దిద్దుబాటు

శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ పోగుచేసిన డేటాను, పరిశీలకులకు కేటాయించిన గడువు ముగిశాక, ఇస్రో అందరికీ అందుబాటులో ఉంచుతోంది. ఫైలు దించుకున్నవారు ముందుగా చేసే పని బొమ్మ కోసం వెతకడం. ఎక్స్‌రే పరికరాల ఫైల్లో చాలాసార్లు బొమ్మ ఉండదు, పట్టిక ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో ఫోటాన్, అంటే ఒక్కో కాంతి రేణువు: ఎప్పుడు తగిలింది, ఎంత శక్తితో తగిలింది.

ఆ ఫైలు రూపం పేరు ఫిట్స్. ఒక పరిశోధనాలయం రాసిన టేపును మరో పరిశోధనాలయపు కంప్యూటర్ చదవలేని రోజుల్లో పుట్టిన ఒప్పందం ఇది. 1981లో ప్రచురితమైంది, మరుసటి ఏడాది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించింది. డేటాకు ముందుండే వివరాల భాగమైన హెడర్‌లో ప్రతి వరుసకూ సరిగ్గా 80 అక్షరాలు. అది పాత కంప్యూటర్లకు డేటా అందించిన చిల్లుల అట్ట, పంచ్ కార్డు, కొలత, అందుకే ఆ వరుసను ఇప్పటికీ 'కార్డు' అనే పిలుస్తారు. కార్డులు పోయి దశాబ్దాలైనా కొలత చెక్కుచెదరలేదు. ఆ మొండితనం వల్లే నలభై ఏళ్ల నాటి ఫైలు నేటికీ తెరుచుకుంటుంది.

తెరిచే సాధనాలు చాలా ఉన్నాయి. బొమ్మలకు డీఎస్9, పెద్ద పట్టికలకు టాప్‌క్యాట్ వాడతారు. నాసా గొడార్డ్ కేంద్రం తయారుచేసిన ఎఫ్‌వీ మాత్రం చూపించడంతో ఆగదు, దిద్దనిస్తుంది కూడా. ఫైలు తెరవగానే అందులోని భాగాల జాబితా వస్తుంది, ఒక్కో దానికీ హెడర్, పట్టిక, బొమ్మ మీటలు ఉంటాయి. పట్టికలో గడి మీద నొక్కి అంకె మార్చవచ్చు, హెడర్‌లో కార్డు చేర్చవచ్చు, తీసేయవచ్చు. ఇంత సులువు కావడమే నాకు భయం.

డీఎస్9లో వెలుగు పెంచినా, రంగులు మార్చినా ఫైలుకేమీ కాదు, మారేది మన చూపే. కొత్తవారు దీన్నే దిద్దడం అనుకొని బెదురుతారు. బెదరవలసిన చోట బెదరరు. ఆస్ట్రోశాట్ కాలం 2010 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో ఉంటుంది. ఆ మొదటి రోజు ఏదన్నది హెడర్‌లోని ఒక కార్డు, ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే రోజుల వరుస సంఖ్యలో, చెబుతుంది. అక్కడ 55197కు బదులు 55198 పడితే లక్షల ఫోటాన్లు ఒక్కసారిగా ఒక రోజు ముందుకు జరుగుతాయి. బొమ్మ మారదు, వెలుగు హెచ్చుతగ్గుల రేఖ ఆకారమూ మారదు. కానీ సెకనుకు సుమారు 30 సార్లు మినుకుమనే క్రాబ్ పల్సార్ అనే నక్షత్ర అవశేషాన్ని గమనించిన ఫైలైతే, దాని ఎక్స్‌రే పల్సును రేడియో పల్సుతో పోల్చి రాసినదేదీ చెల్లదు.

ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టి రాసే తనిఖీ సంఖ్య, చెక్‌సమ్, ఉంది కదా అంటారు. ఫైలు దారిలో పాడైతే అది పట్టిస్తుంది. దిద్దినవాడే చెక్‌సమ్‌ను మళ్లీ లెక్కగట్టి రాస్తే ఇక అదేం చెబుతుంది?

మన దస్తావేజులో ఒక్క మాట కొట్టివేసినా అక్కడ సంతకం పెట్టాలి. ఆ ఏర్పాటు ఫిట్స్‌లో లేదని కాదు. హిస్టరీ అనే కార్డు మొదటినుంచీ అందుకే ఉంది. అయితే ప్రమాణం దాన్ని తప్పనిసరి చేయలేదు. కంప్యూటర్ ఆదేశాలను స్క్రిప్టుగా రాసి మార్చినవారికి కనీసం ఆ స్క్రిప్టైనా మిగులుతుంది, మౌసుతో గడి మార్చినవారికి జ్ఞాపకం తప్ప ఏదీ మిగలదు. అందుకే చేత్తో దిద్దనిచ్చే ఏ సాధనమైనా వాడుకరిని అడగకుండానే హిస్టరీ రాయాలంటాను. హెడర్లు పెరిగిపోతాయన్నది బలహీనమైన వాదన, మెగాబైట్ల పట్టిక ముందు 80 అక్షరాలు ఒక లెక్కా? హిస్టరీ అన్న మాటకు 8 గళ్లు పోతే ఇంకా 72 మిగులుతాయి. తేదీ, పాత అంకె, కొత్త అంకె, దిద్దినవారి పొడి అక్షరాలు అందులో హాయిగా పడతాయి.