క్లచ్ గారి దివ్య సముఖానికి

మా కారులో ఎడమకాలి కింద కొలువైన మహారాజశ్రీ క్లచ్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నిన్న సాయంత్రం పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కే చోట తమరు నాకు చేసిన సన్మానం ఇంకా మరిచిపోలేదు. ముందున్న బస్సు ఆగింది, నేనూ ఆగాను. బస్సు కదిలింది. నా ఇంజన్ మాత్రం నాలుగుసార్లు ఆగిపోయింది, మూడోసారి బండి వెనక్కి కూడా జారింది. వెనకున్న ఆటో ఆయన దిగొచ్చి, "నేను పైదాకా తీసిపెట్టనా అమ్మా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

హారన్ల సంగతి ఎత్తను. లైసెన్సు వచ్చి నెలైనా నేను తీయని ఆ ఎర్ర 'ఎల్'ని జనం 'ఇంకా గట్టిగా కొట్టండి' అని చదువుకుంటున్నారు కాబోలు. పక్క సీట్లో మా ఆయన, కాళ్ళ కింది మ్యాట్‌ని బ్రేకనుకుని తొక్కుతూనే ఉన్నారు.

నా బాధంతా తమరితోనే. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు ఎంత మర్యాదగా ఉన్నారండీ! మాస్టారు "హాఫ్ క్లచ్ అమ్మా, హాఫ్ క్లచ్" అంటూ తమరిని సగమే వదలమనడం, తమరు వెన్నలా కదలడం. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉన్నాయని తెలుసు. ఏదైనా ప్రమాదమొస్తే వాడతారనుకున్నా. సొంత కారెక్కాక గానీ అర్థం కాలేదు, తమరు విన్నది ఆయన కాలి మాట. ఇరవై రోజులూ నేను స్టీరింగ్ పట్టుకున్న ప్యాసింజర్‌ని. డబ్బు కట్టి మరీ! టెస్టులో ఎనిమిది వేశాను, ఎత్తూ ఎక్కాను. అక్కడ నా వెనక సిటీ బస్సు లేదు.

సిగ్గుందా నీకు? కాస్త ఎక్కువ వదిలితే ఇంజన్‌ని చంపేస్తావు, తొక్కిపెడితే జారనిస్తావు. నీ వల్ల ఎడమ మోకాలు రాత్రి నిద్రలో కూడా వణుకుతోంది. పెళ్ళికెళ్ళాలంటే ముందు దారిలో ఫ్లైఓవర్లు లెక్కపెట్టుకుంటున్నా.

పొద్దున ఐదున్నరకి మా సెల్లార్ ర్యాంప్ మీద మళ్ళీ కూర్చున్నాను. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, నిన్ను మెల్లగా వదిలాను. ఒక చోట ఇంజన్ గొంతు మారింది, బానెట్ కాస్త లేచింది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించితే బండి జారలేదు. పక్కన మాస్టారు లేరు, నా కాలే. పదిసార్లలో ఏడుసార్లు మాట విన్నావు.

రేపూ అదే టైముకి రా. వాచ్‌మన్‌ని మాత్రం వెనక నిలబడొద్దన్నాను.

ఇట్లు,
నీ ఎడమకాలు