సవరణ: ఆ కార్డు మీది పెద్దావిడ కల్పిత పాత్ర కాదు

మొన్న 19వ శతాబ్దపు అమెరికా ప్రకటన కార్డుల (సరుకుల ప్రచారానికి పంచిన రంగుబొమ్మల అట్టముక్కల) గురించి రాస్తూ, ఒక ఔషధం కార్డు మీద మెడ దగ్గర లేసు కట్టుకుని నిమ్మళంగా చూసే పెద్దావిడను కంపెనీవాళ్ళు ఊహించి గీయించిన బొమ్మ అనేశాను. తప్పు నాదే. ఆవిడ లిడియా పింక్‌హామ్. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో ఇంట్లోనే ఆడవాళ్ళ బాధలకు మూలికల మందు కాచి, 1875లో అమ్మకం మొదలుపెట్టిన మనిషి. ఆవిడ బొమ్మ 1879 నుంచి ప్రకటనల్లోకెక్కింది. 1883లో ఆవిడ పోయాక కూడా, మీ బాధలు పింక్‌హామ్ గారికే రాయండంటూ ఆడవాళ్ళను కంపెనీవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు! 1905లో ఒక పత్రిక సమాధి ఫోటో అచ్చేసి గుట్టు విప్పింది. అన్నట్టు, ఆ మందులో ఆల్కహాల్ 18 శాతం దాకా ఉండేది.

ఇంకోటి. ఆ కార్డుల మీద రంగులు చేత్తో అద్దారన్నాను. కాదు, ఒక్కో రంగుకి ఒక్కో రాతి పలక మీద బొమ్మ గీసి, దాంతో అచ్చువేసినవి.