చేబదులు తీసుకున్న గంట

మా కుటుంబంలో ప్రస్తుతం కాలమాన శాఖ నా చేతిలో ఉంది. జీతం లేదు, సెలవు లేదు, రాజీనామా ఇస్తే తీసుకునేవాళ్లూ లేరు. మా అక్క కొడుకు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఖమ్మం నుంచి అక్క రోజుకు రెండుసార్లు నాకు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతుంది: "ఒరేయ్, ఇప్పుడు వాడికి టైమెంత?"

"మనకంటే అరగంట ముందక్కా."

వాడు వెళ్లినప్పట్నుంచీ ఇదే జవాబు. ఫోన్‌లో రెండు గడియారాలు పక్కపక్కన పెట్టిచ్చాను. నమ్మదు. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి కదా. అప్పట్నుంచి వాడు క్లాసుకు బయల్దేరితే తల్లితో మాట్లాడుతూనే నడవాలని ఇంట్లో చట్టం. చట్టం అమలుకు టైము కావాలి. టైముకు నేను కావాలి.

మొన్న ధనుర్మాసంలో అక్క పేచీ పెట్టింది. పొద్దున ఏడింటికి ముగ్గేసి, వాకిట్లో ఎండలో నిలబడి వాడికి వీడియో కాల్ చేసింది. అక్కడ ఏడున్నర. తెర నిండా కటిక చీకటి. వెంటనే నాకు ఫోను. "వాడు మనకంటే ముందున్నాడంటావ్. మరి నాకు తెల్లారి, వాడికి తెల్లారదేంట్రా?"

ఇన్నేళ్లుగా ఊళ్లో అందరికీ సమాధానాలు చెప్పే వృత్తిలో ఉన్నాను. నోట మాట రాలేదు. ఆ దేశపు కాలం ఎవరి దగ్గర ఇరుక్కుందో ఆరా తీయక తప్పలేదు. విచారణలో తేలిన విషయాలు ప్రజాహితార్థం సమర్పించుకుంటున్నాను.

ముందు సూర్యుడి వాంగ్మూలం. బిష్కెక్ ఉన్నది 74.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. హైదరాబాద్ 78.5. అంటే అది మనకు పడమర. అక్కణ్నుంచి తిన్నగా కిందికి గీత గీస్తే అజ్మీర్, బెళగావి తగుల్తాయి. బెళగావిలో సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే బిష్కెక్‌లోనూ వస్తాడు. మన ఫోన్లన్నీ చూసుకునే కాలమండలాల చిట్టాలో బిష్కెక్ సొంత సూర్యకాలం గ్రీన్‌విచ్ కంటే 4 గంటల 58 నిమిషాల 24 సెకన్లు ముందని రాసి ఉంది. ఐదు గంటలకు 96 సెకన్లు తక్కువ. దేవుడే గుండ్రటి అంకె చూసి ఊరు కట్టించినట్టుంది. ఐదు పెట్టుకుంటే గొడవే లేదు. పెట్టుకున్నది ఆరు.

ఆరంటే 90వ రేఖాంశపు కాలం. ఆ రేఖ పోయేది ఢాకా పక్కనుంచి. దేశంలో 90 శాతానికి పైగా కొండలున్న కిర్గిజ్‌స్తాన్‌లో మిట్టమధ్యాహ్నం ఎప్పుడవ్వాలో బంగ్లాదేశ్ వరిమళ్లు చెబుతున్నాయన్నమాట. (మనం మరీ ఎగతాళి చేయక్కర్లేదు. మా అక్క లెక్కలో ఆ అరగంట తోక మన దేశానిదే.) ఫలితంగా డిసెంబరులో బిష్కెక్‌లో పొద్దు పొడిచేది ఎనిమిదిన్నరకు కాస్త అటూ ఇటూ. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని అక్క గోడ క్యాలెండర్ అంటుంది. ఆ ప్రకారం రాహువు బిష్కెక్‌లో టంచనుగా డ్యూటీ ఎక్కుతాడు. మింగుదామంటే సూర్యుడింకా రాలేదు. పాపం, గంటసేపు ఆవులిస్తూ కూర్చోవాలి.

ఇంతకీ ఆ ఆరో గంట ఎక్కడిది? చేబదులు. 2005 దాకా అక్కడ పద్ధతి ఐదు గంటలే. వేసవిలో వెలుతురు వాడుకోవడానికి మార్చిలో ఒక గంట ముందుకు తిప్పి, అక్టోబరులో వెనక్కి తిప్పి లెక్క సరిచేసేవాళ్లు. తిప్పే ముహూర్తం, 1997 నుంచి ఆ చిట్టా ప్రకారం, రాత్రి రెండున్నర. రెండు కాదు, మూడు కాదు, రెండున్నర. ఏ సిద్ధాంతి పెట్టాడో గానీ, చేబదులు అడగడానికి ఎవరూ మేలుకుని ఉండని వేళ కావాలని మాత్రం ఆయనకు తెలుసు.

2005 మార్చి 24న జనం తిరగబడి బిష్కెక్‌లోని అధ్యక్ష కార్యాలయంలోకి చొరబడ్డారు. పదిహేనేళ్లు ఏలిన అస్కర్ అకాయెవ్ దేశం వదిలి పారిపోయాడు. స్వతహాగా భౌతికశాస్త్రవేత్త; వేగం, దూరం ఆయనకు తెలిసిన విషయాలే. ఆ రాత్రి ఊళ్లో దుకాణాలు లూటీ అయ్యాయి. మూడో రోజు, మార్చి 27 ఆదివారం, వేసవి లెక్క ప్రకారం ఒక గంట కూడా పోయింది. దుకాణదారులు తమ సరుకు గురించి అడిగారు. గంట గురించి ఎవరూ అడగలేదు, అక్టోబరులో వస్తుందిలే అనుకున్నారు.

రాలేదు. ఆగస్టు 12న కొత్త ప్రభుత్వం వేసవి కాలమానం రద్దు చేసింది. రద్దంటే మీరూ నేనూ ఏమనుకుంటాం? గంట వెనక్కిచ్చేస్తారనుకుంటాం. వాళ్లు రద్దు చేసింది వెనక్కివ్వడాన్ని! తీసుకున్న గంట తీసుకున్నట్టే ఉంచుకుని, ఇకమీదట ఇదే జాతీయ కాలమని పేరు పెట్టారు. రెండు రోజులాగి, ఆగస్టు 14న, కొత్త అధ్యక్షుడు కుర్మాన్‌బెక్ బకియెవ్ ప్రమాణ స్వీకారం చేశాడు. పదవి కంటే గంట ముందు చేతికందింది.

తర్వాత 2010లో జనం మళ్లీ తిరగబడితే బకియెవ్ బెలారస్‌లో తేలాడు. 2020లో ఇంకోసారి తిరగబడితే అప్పటి అధ్యక్షుడు జీన్‌బెకోవ్ రాజీనామా చేశాడు. మూడుసార్లు ఆ అధ్యక్ష కార్యాలయం కంచె దూకిన జనంలో గోడ గడియారం దగ్గర ఆగి "మా గంటేదిరా" అన్నవాడు ఒక్కడు లేడు. 2021 ఆగస్టులో కుమ్‌తోర్ బంగారు గని కేసు విచారణకు అకాయెవ్ అంతటివాడు పదహారేళ్లకు బిష్కెక్ తిరిగొచ్చాడు. ఆయనతో పాటు పోయిన గంట మాత్రం రాలేదు.

అయినా చాలాకాలం గుట్టు దాగింది. ఎందుకంటే పొరుగున కజకిస్తాన్ నగరం అల్మాటీలోనూ ఆరే. అందరూ తప్పు చెబుతుంటే అది తప్పని ఎవరికి తెలుస్తుంది? 2024 మార్చి 1న కజకిస్తాన్ దేశమంతా ఐదు గంటలకు దిగిపోయింది. ఉజ్బెకిస్తాన్ ఐదు, తజికిస్తాన్ ఐదు, ఇప్పుడు కజకిస్తానూ ఐదే. తూర్పున చైనా ఒకేసారి ఎనిమిది. మధ్యలో కిర్గిజ్‌స్తాన్ ఒక్కతే ఆరు పట్టుకుని నిలబడింది, పెళ్లయిపోయాక కూడా బాసికం విప్పని పెళ్లికొడుకులా.

దీని శోభంతా బిష్కెక్‌కు ఉత్తరాన, కూతవేటులో ఉన్న కొర్దాయ్ వంతెన మీద, కజకిస్తాన్ సరిహద్దులో చూడాలి. కింద పారే నది పేరు చూ. నేను పెట్టింది కాదు, నిజంగానే చూ నది. ఇక మంత్రకాళి ఒక్కటే తక్కువ. కిర్గిజ్ గట్టున మీరు పది గంటలకు క్యూలో నిలబడతారు. ముందు నలుగురు అమ్మమ్మలు, వాళ్లకు నలభై సంచులు. గంటసేపు అంగుళం అంగుళం జరిగి, పాస్‌పోర్టు మీద రెండు ముద్రలు కొట్టించుకుని అవతలి గట్టెక్కుతారు. టైమెంత? పది! మీరసలు క్యూలో నిలబడనే లేదు. కాళ్లనొప్పి మీ భ్రమ. అదే క్యూలో తిరిగి రండి: అటు పదింటికి నిలబడితే ఇటు దిగేసరికి పన్నెండు. ఒక గంట నిలబడితే రెండు గంటల వయసు. ఉద్యోగానికి రోజూ దాటేవాడు పొద్దున చేరేసరికి పడుచువాడు, సాయంత్రం ఇల్లు చేరేసరికి పెద్దమనిషి. డిసెంబరు 31న బిష్కెక్‌లో పన్నెండు కొట్టగానే కేకు కోసి పరిగెత్తితే అవతల ఇంకా పదకొండే. అమ్మమ్మలు దయతలిస్తే రెండో కేకు. మావాడు ఈ విషయం కనిపెట్టి, "మామయ్యా, ఎగ్జామ్ హాలు అటు, ప్రిపరేషన్ ఇటు పెట్టుకుంటే గంట కలిసొస్తుంది" అన్నాడు. చదువు బాగానే వంటబడుతోంది.

ఇక బాత్కెన్ ప్రాంతానికి పోతే తల తిరుగుతుంది. చుట్టూ కిర్గిజ్ నేల, మధ్యలో సోఖ్ అనే ఉజ్బెక్ ముక్క, ఇంకోచోట వొరుఖ్ అనే తజిక్ ముక్క. నేలతో పాటు వాటికి సొంత గంట. కొండ మీద గొర్రెలకు ఈ బాధ లేదు.

ఇంతవరకు నవ్వాను. పొద్దున ఏడున్నర దగ్గర నాకు నవ్వు ఆగిపోతుంది. మావాడికి ఎనిమిదింటికి క్లాసు. ఫోన్ లైటు వేసుకుని గడ్డకట్టిన వీధిలో నడుస్తుంటాడు. మంచు కరకరమంటుంటే ఖమ్మంలో ఎండలో నిలబడ్డ అక్కకు వినపడుతుంది. ఊపిరి బిగపట్టి వింటుంది. వాడి పక్కనే బ్యాగులు తగిలించుకున్న ఆరేడేళ్ల కిర్గిజ్ పిల్లలు, అదే చీకట్లో. ఏ పాపం చేశారు వాళ్లు? కరెంటులో దాదాపు 90 శాతం నీళ్లతో తయారయ్యే దేశం అది. చలికాలం తోక్తగుల్ జలాశయం అడుగంటుతుందని భయం. 2023 ఆగస్టు నుంచి విద్యుత్ రంగంలో అత్యవసర పరిస్థితి ప్రకటించుకున్న దేశం. జనానికి పొదుపు నీతులు చెబుతూ, అదే జనాన్ని సూర్యుడి కంటే గంట ముందు లేపి ఇంటింటా దీపాలు వేయిస్తున్నారు! సాయంత్రం గంట వెలుతురు మిగుల్తుంది కదా అంటారు పెద్దమనుషులు. ఆ లెక్క వేసేవాడు కారులో పదింటికి ఆఫీసుకొస్తాడు. ఏడున్నరకు వీధిలో ఒక్కరోజు నడవమనండి. రష్యా 2011లో ఇదే పని చేసింది, మూడు చలికాలాలు చీకట్లో తడుముకుని, 2014 అక్టోబరులో గంట వెనక్కిచ్చేసింది. ఇవ్వడానికి చేతులు రావాలి. ఇరవై ఏళ్లుగా పసిపిల్లల నిద్రలోంచి గంట కోసుకుంటూ దానికి జాతీయమని పేరు పెట్టుకోవడానికి సిగ్గుండాలి.

వెనక్కిచ్చిన కజకిస్తాన్‌లోనూ సుఖం లేదని చెప్పాలి. అల్మాటీలో డిసెంబరున సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుగూకుతోందని, పాత గంట కావాలని జనం సంతకాలు పెట్టారు. ఎవరికి కావలసిన గంట వాళ్ల దగ్గర ఉండదు.

విచారణ సారాంశమంతా అక్కకు వివరించాను. ఓపిగ్గా విని, "అంటే తప్పు వాడిది కాదుగా" అని స్టూలెక్కి, వంటింటి గోడ గడియారాన్ని అరగంట ముందుకు తిప్పేసింది. ఇప్పుడు చూడగానే వాడి టైము తెలుస్తోందట. నాకు ఫోన్లు ఆగిపోయాయి.

నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఐదో రోజు పొద్దున్నే ఖమ్మం బస్టాండు నుంచి బావ ఫోను. ఆ గడియారం చూసి బయల్దేరాడట, తన బస్సింకా రాలేదట.

"ఏమయ్యా, ఇప్పుడు మనకి టైమెంత?"